పన్నెండణాల వాటా

ఇల్లు కొంటామని అడ్వాన్సు ఇచ్చి రాయించుకున్న బయానా కాగితం మీద నేను వేలిముద్ర వేసింది ఇంకొకావిడ పేరు కింద. వేసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఎండలు మండిపోతున్న రోజులు. ఇందా అనే పేటలో మాయితి బాబు వరండాలో బెంచీ మీద నేనూ, నూకరాజూ కూర్చున్నాం. ఇల్లు అమ్మే హాజరా బాబు ఎదురుగా కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నాడు. దస్తావేజులు రాసే మాయితి బాబు కలం సిరాలో ముంచి, ఎవరి పేరున రాయమంటారని హిందీలో అడిగాడు. నూకరాజు గడ్డంతో నన్ను చూపించి, "సింహాచలమ్మ. మేరా ఔరత్" అన్నాడు, నా పెళ్ళాం అని. మాయితి బాబు రాసుకుపోయాడు. నా బొటనవేలికి సిరా పూసి కాగితం ముందుకు జరిపాడు. నొక్కేశాను.

ఎందుకు తట్టలేదంటే, ఖరగ్‌పూర్‌లో పదిహేనేళ్ళుగా నా పేరు అదే. మథురాకాటి రైల్వే క్వార్టర్లలో ఎవరినడిగినా సింహాచలమ్మ మెస్సు అంటేనే చూపిస్తారు. నా అసలు పేరు జోగమ్మ. ఆ పేరుతో పిలిచేవాడు నూకరాజు ఒక్కడే, అదీ ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, జోగీ అని. నేనేమో అతన్ని అందరి ముందూ నూకరాజు అనే అంటాను. తాళి కట్టిన మొగుడైతే పేరెత్తకూడదు. కట్టనివాడితో ఆ ఒక్క సుఖమైనా ఉంది.

సింహాచలమ్మ అతను తాళి కట్టిన పెళ్ళాం. చీపురుపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉంటుంది. పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరికీ చెడింది. ఆవిడ ఈ బొగ్గు ఊరికి రానంది, ఇతను ఉద్యోగం వదిలి అక్కడికి పోనన్నాడు. నేను పైడయ్య పెళ్ళాన్ని. పైడయ్య కూడా నూకరాజులాగే రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. మశూచికం వచ్చి పోయాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, చేతిలో ఒక కంటె, ఆరు గాజులు. మా వాళ్ళలో మారుమనువు తప్పేం కాదు. కానీ ఇంట్లో పెళ్ళాం ఉండగా రెండో తాళి కడితే సర్కారు ఉద్యోగం ఊడుతుంది. కాబట్టి కట్టలేదు. కట్టకుండానే కలిసి ఉన్నాం.

రైల్వే వాళ్ళు ఏటా ఇచ్చే ఉచిత పాసులో పెళ్ళాం పేరు సింహాచలమ్మ అని ఉండేది. ఆవిడ ఎలాగూ ఎక్కదు, ఊరికే పోతోంది కదా అని మొదటిసారి పూరీ వెళ్ళాం. టికెట్ కలెక్టరు నా పేరు అడిగితే సింహాచలమ్మ అన్నాను. గొంతు వణికింది. మరుసటేడు వణకలేదు. తర్వాత రేషను కార్డుకీ ఆ పేరే, రైల్వే ఆసుపత్రికీ ఆ పేరే. పెనం మీద మసిలాగా అది నాకు పట్టేసింది.

ఇందా నుంచి రిక్షాలో తిరిగి వస్తుంటే నూకరాజు మంచి హుషారుగా ఉన్నాడు. సింహాచలమ్మ ఇల్లు అని నవ్వుతూ అన్నాడు. అప్పుడు తగిలింది నాకు.

ఇంటి వెలలో నాలుగింట మూడొంతులు నాది. నా కంటె, నా గాజులు, పదిహేనేళ్ళు వర్క్‌షాపు కుర్రాళ్ళకి వండిపెట్టి దాచుకున్నది. నూకరాజు జీతంలో సగం నెలనెలా ఊరికి మనియార్డరు పోయేది. నేనేనాడూ కాదనలేదు, ఆవిడకీ కడుపు ఉంది. కానీ ఇక్కడ ఇల్లు నడిచింది నా పొయ్యి మీద. ఇంటికి అతను పెట్టగలిగింది ప్రావిడెంట్ ఫండులోంచి ముందుగా తీసిన సొమ్ము, ఆ మిగిలిన నాలుగో వంతు. జూన్ ఆఖరుకి అతను రిటైరవుతాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. క్వార్టరుతో పాటు నా మెస్సు కూడా పోతుంది. పుట్టింట్లో నాకెవరూ లేరు, కడుపున పుట్టినవాళ్ళూ లేరు. ఆ ఇందా ఇల్లు దక్కితే నేను బతికినట్టు, లేకపోతే స్టేషను ప్లాట్‌ఫారమే నాకు గతి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాను.

"ఆ పేరు నాది కాదు గదా."

"ఇన్నాళ్ళూ నీదే గదా. ఇవాళెందుకు కాకుండా పోనాది?" అన్నాడు.

"పాసుకి పనికొచ్చింది. ఇంటికి పనికిరాదు. రేప్పొద్దున్న నీకేటైనా అయితే, ఆ పేరు గల మనిసి ఎల్లొచ్చి గుమ్మంలో కూకుంటాది. నేనేటి సెప్పాలి? ఆవిడ పేరు కింద నా ఏలుముద్ర నేనే ఎట్టినానని సెప్పాలా?"

అతని మొహంలో హుషారు దిగిపోయింది. కాసేపు తల గోక్కుని, పోనీ నా పేరున పెట్టించేద్దాం అన్నాడు. అప్పుడు మాత్రం ఏమొచ్చింది, నీ తర్వాత నీ పెళ్ళానికే పోతుంది, నీకు నేను ఎవర్ని అన్నాను. అలా అయితే మొత్తం నీ పేరున పెట్టించుకో, నా ఫండు సొమ్ము గంగలో కలిసిందనుకుంటాను అని విసుక్కున్నాడు. ఆ మాటా నాకు నచ్చలేదు. అతను పెట్టింది అతనిదే కావాలి. నేను పెట్టింది నాది కావాలి. ఇంత చిన్న సంగతి ఎలా చెయ్యాలో మా ఇద్దరికీ తెలియలేదు.

పక్క క్వార్టరు గణపతిరావు రైల్వే ఆఫీసులో గుమాస్తా. రిటైరయ్యేవాళ్ళ లెక్కలు తేల్చేది అతనే. ఆ సాయంత్రం కాఫీకి వస్తే అంతా చెప్పుకున్నాం. అతను గ్లాసు కింద పెట్టి తలుపు దగ్గరికి వెళ్ళి బయట ఎవరైనా ఉన్నారా అని చూసి వచ్చాడు. ఇప్పుడు పేరు కదిపితే ఈ జోగమ్మ ఎవరని ఎవడో ఒకడు అడుగుతాడనీ, పాసుల సంగతి పైకొస్తే నూకరాజుకి రావలసినదంతా ఆగిపోతుందనీ, ఎన్నేళ్ళు ఆపుతారో దేవుడికే తెలియాలనీ చెప్పాడు. "వదినా, ఇన్నాళ్ళు సింహాచలమ్మవి. ఇంకో రెండు నెల్లు ఉంటే నీ సొమ్మేటి పోయింది?" అన్నాడు. నా సొమ్మే పోతుందయ్యా అని అరవాలనిపించింది. కాఫీ ఇంకొంచెం పోస్తానన్నాను.

ఆ రోజుల్లో నేను వండిన వంట తలుచుకుంటే సిగ్గేస్తుంది. పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను. పప్పు మాడ్చాను. కుర్రాళ్ళు మాట్లాడకుండా తిని లేచిపోయేవారు. ఒకసారి కాలబైశాఖి గాలివాన వచ్చి మా క్వార్టర్ల మీద రేకులు ఎగిరిపోయాయి. నేను రేకుల గురించి అనుకోలేదు. ఇందా ఇంటి పెంకులు ఎలా ఉన్నాయోనని గొడుగేసుకుని పరిగెత్తాను. హాజరా బాబు వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పెంకులు బాగానే ఉన్నాయి. నాలుగు గదులు, వెనక వంటసాల, గిలక బావి, పనస చెట్టు. తడిసిన అరుగు మీద కూర్చుని, బెంచీలు ఇక్కడ వెయ్యాలి, గంజి వార్చడానికి తూము అక్కడ తవ్వించాలి అని అనుకుంటూ ఏడ్చేశాను. ఎవరూ లేరు గనక గట్టిగానే ఏడ్చాను.

ఏడ్చి లేచి అటునుంచి అటే మాయితి బాబు దగ్గరికి వెళ్ళాను. ఒక్కదాన్నే. నాకొచ్చిన బెంగాలీ కూరగాయల బేరానికి సరిపోయేదే, అయినా చెప్పుకొచ్చాను. ఇల్లు ఇద్దరిదీ, కానీ సమానం కాదు, నాది ఎక్కువ, అతనిది తక్కువ, ఎవరిది వాళ్ళకుండాలి అన్నాను. ఆయన అదేమంత పనే కాదన్నట్టు చూశాడు. అణాలు పోయి నయాపైసలు వచ్చి ఏడెనిమిదేళ్ళయినా ఇక్కడి దస్తావేజుల్లో ఇల్లన్నా పొలమన్నా పదహారణాలే. ఆయన తన చెయ్యి చాచి, బొటనవేలు వదిలి, ఒక్కో వేలికీ నాలుగేసి చోట్ల లెక్కపెట్టి చూపించాడు. నాలుగు వేళ్ళూ కలిపి పదహారు. మూడు వేళ్ళు నీవి, ఒక వేలు అతనిది, పన్నెండణాలు నీ వాటా అని రాస్తే లాటు సాహెబు కూడా చెరపలేడన్నాడు. నాకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

తర్వాత, అతను నీకేమవుతాడని అడిగాడు. బయానాలో భార్య అని చెప్పారే, పేరు కూడా ఏదో చెప్పారే అని పాత కాగితం తీశాడు. దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. చివరికి, ఇద్దరి మధ్యా ఏ వరసా రాయక్కర్లేదు, నువ్వు కాలం చేసిన ఫలానావాడి భార్యవి, అతను ఫలానావాడి కొడుకు, అంతే చాలన్నాడు. పైడయ్య పేరు చెప్పాను. ఆ పేరు పైకి అని ఎన్నేళ్ళయిందో. ఇంకొకటి కూడా చెప్పాడు మాయితి బాబు. బయానా సింహాచలమ్మ పేరున ఉంది కనక ఆవిడ వచ్చి, ఈ ఇల్లు నేను కొనను, వీళ్ళకే రాయండి అని వేలిముద్ర వెయ్యాలట. నేను చెయ్యి చాచబోతే తల అడ్డంగా ఊపాడు. ఈసారి అసలు వేలు కావాలన్నాడు.

నేను ఎవరికి భయపడి ఇదంతా చేస్తున్నానో ఆ మనిషినే పిలుచుకురమ్మంటున్నాడు.

నూకరాజుకి చెప్పినప్పుడు అతను గుమ్మంలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఊరికి కబురు చెయ్యాలన్న మాట అతని చెవికి ఎక్కనే లేదు. పైడయ్య దగ్గరే ఆగిపోయాడు.

"పైడయ్య పెళ్ళానివా నువ్వు?"

"కాయితం మీద."

"మరి నేనెవుడ్ని?"

"నాలుగణాల వాటాదారువి" అన్నాను. అనాల్సింది కాదు, నాకు అప్పటికి ఒళ్ళు మండుతోంది. పదిహేనేళ్ళు ఇంకొకావిడ పేరుకి పలికింది నేను. ఒక్క కాగితంలో ఇంకొకడి పేరు వింటేనే ఇతనికి అంత నొప్పిగా ఉందా అనిపించింది.

అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట నుంచి నా చేతి అన్నం ముట్టలేదు. గోల్ బజారులో పూరీలు తినేవాడు. మెస్సులో అరవై చేతులు కడుక్కునే చోట అతని కంచం ఒక్కటే బోర్లించి ఉండేది. వర్క్‌షాపులో ఎవరు పుట్టించారో, నాలుగణాల మొగుడు అనే మాట నా చెవిదాకా కూడా వచ్చింది. అతని చెవిన ఇంకెన్నిసార్లు పడిందో. రాత్రికి వరండాలో మంచం వేసుకునేవాడు. కబురు మాత్రం చెయ్యలేదు. రిజిస్ట్రీకి పెట్టుకున్న గడువు దగ్గరపడుతోంది. గడువు దాటితే బయానా సొమ్ము కూడా హాజరా బాబుదే.

మేం కబురు చెయ్యక్కర్లేకపోయింది. వాళ్ళ ఊరివాడొకడు వర్క్‌షాపులోనే పనిచేస్తూ సెలవు మీద వెళ్ళి, నూకరాజు నీ పేరున ఇల్లు కొన్నాడని సింహాచలమ్మకి శుభవార్త మోసుకుపోయాడు.

మధ్యాహ్నం కుర్రాళ్ళంతా తిని వెళ్ళిపోయాక నేను గిన్నెలు తోముతున్నాను. వాకిట్లో ఒకామె నిలబడింది. పొడుగు మనిషి, ఎండిపోయిన ఒళ్ళు, చంకలో గుడ్డ మూట. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. అది తీసి పట్టుకుని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నూకరాజు క్వార్టరేదంటే కుర్రగుంటలు, సింహాచలమ్మ ఇల్లా, ఇదేనని సూపించినారు. నా ఇంటికి నాకే దారి సూపించినారు."

చేతిలో గిన్నె జారిపోయింది. మజ్జిగ తెచ్చి ఇచ్చాను. తాగింది. అన్నం పెట్టాను. మెస్సు బెంచీ మీద కూర్చుని, నిదానంగా, ఏది ఎలా ఉందో ఆలోచిస్తున్నట్టు తింది. ఇంగువ ఎక్కువేశావంది. తిట్టిపోస్తే నేనూ తిట్టేదాన్ని. తిట్టలేదు. ఇల్లు ఎక్కడ, ఎన్ని గదులు, నూతిలో నీళ్ళు ఉంటాయా అని తన ఇంటి సంగతి కనుక్కున్నట్టే కనుక్కుంది. ఆవిడ వెళ్ళి మాయితి బాబు ముందు కూర్చుని ఇదిగో నేనే సింహాచలమ్మను అంటే అయిపోయింది. గణపతిరావు ఆఫీసుకి వెళ్ళి పాసుల మాట ఎత్తినా అయిపోయింది.

అయినా చెప్పాను. కంటె, గాజులు, మెస్సు, మూడు వేళ్ళు, ఒక వేలు, బయానా మీద నా వేలిముద్ర, మళ్ళీ కావలసిన ఆవిడ వేలిముద్ర, అన్నీ. ఎందుకు చెప్పానో తెలియదు. ఎదురుగా కూర్చుని నా అన్నం తింటున్న మనిషితో అబద్ధం ఆడలేకపోయాను. ఆవిడ చెయ్యి కడుక్కుని చుట్ట మళ్ళీ వెలిగించుకుంది.

"నా పేరు ఎక్కడెక్కడికి ఎల్లింది?" అని అడిగింది.

ముందు అర్థం కాలేదు. తర్వాత పాసుల గురించని తెలిసి చెప్పాను. పూరీ, తిరపతి, రామేశ్వరం, కాశీ.

"కాశీ కూడానేటి" అంది. "నేను రైలెక్కడం ఇదే మొదలు. టికెట్టు కొనుక్కొచ్చినాను."

వర్క్‌షాపు కూత కూసింది. కాసేపటికి నూకరాజు సైకిలు దిగాడు. మమ్మల్నిద్దరినీ చూసి సైకిలు గోడకి ఆనించబోయి పడేశాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు. పెళ్ళాన్ని చూసి ఎన్నేళ్ళయిందో, బాగున్నావా అని కూడా అనలేకపోయాడు. ఆవిడ అతనితో మాట్లాడలేదు. నాతోనే మాట్లాడింది.

"ఓలమ్మీ, మొత్తం నాదే అనొచ్చు నేను. కాయితం అలగే ఉన్నాది. అయినా అనను. పొయ్యికాడ సేతులు కాల్సుకుని నువ్వు సంపాయించింది నాకొద్దు. నీ పన్నెండణాలూ నీవే. ఆ నాలుగణాలు ఆడి పేర ఎట్టించకు. నా పేర ఎట్టించు."

"ఆయన ఎట్టిన సొమ్మప్పా అది" అన్నాను. అక్కని పిలిచినట్టు అప్పా అని ఎలా వచ్చిందో నోటికి.

"నెలనెలా పంపినాడు, కాదన్ను. అది తిండికి. ఇది నా పేరు ఇన్నేళ్ళు అరువిచ్చినందుకు. ఎట్టిస్తే నా ఏలుముద్ర ఏస్తాను, పాసుల మాట ఎవుడితోటీ ఎత్తను. నేదంటే నేదు."

నూకరాజు తల ఎత్తాడు. "మరి నాకో?" అన్నాడు. అంత చిన్న గొంతు అతనిది నేనెప్పుడూ వినలేదు.

నేను సింహాచలమ్మ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. అతను లేచి, పడిపోయిన సైకిలు ఎత్తి నిలబెట్టి, "సరే, అలగే ఎట్టించండి" అన్నాడు.

ఆ రాత్రి మెస్సులో బోర్లించి ఉన్న కంచం తనే తీసుకుని తిన్నాడు.

రిజిస్ట్రీ నాడు ముగ్గురం ఒకే రిక్షాలో పట్టక రెండు కట్టించుకున్నాం. ఆడవాళ్ళిద్దరం ఒకదాంట్లో, అతను వెనకదాంట్లో. ఆఫీసు వరండాలో జనం, చెమట. లోపలి నుంచి గుమాస్తా సింహాచలమ్మా అని కేక వేశాడు. నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టి, తను లేచి వెళ్ళింది. వేలిముద్ర వేసి వచ్చి వేలు తలకి రాసుకుంది. ఆ తర్వాత గుమాస్తా ఇంకో పేరు పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు. ఎవరో రాలేదు కాబోలు అనుకుని గుమ్మం వైపు చూస్తున్నాను. గోడ దగ్గర నిలబడ్డ నూకరాజు నా భుజం మీద తట్టాడు.

"జోగీ, నిన్నే."

కాలం చేసిన పైడయ్య భార్య జోగమ్మ, పన్నెండణాలు. నూకరాజు భార్య సింహాచలమ్మ, నాలుగణాలు. మాయితి బాబు చదివి వినిపించాడు. మాకు వేలిముద్రలే గాని సంతకాలు రావు. నూకరాజుకి తెలుగులో సంతకం వచ్చు. చెయ్యాల్సిన చోటే లేకపోయింది.

నా ఇల్లు నాదైంది. ఇక నాకు హాయిగా నిద్ర పట్టాలి. పట్టలేదు.

ఆ వారంలోనే అతను రిటైరయ్యాడు. దండలేసి పంపారు. గణపతిరావు ఏ సంగతీ పైకి రానీకుండా రావలసింది గబగబా తేల్చాడు. రిటైరైనవాడికిచ్చే మొదటి పాసు కూడా చేతికొచ్చింది. అది సింహాచలమ్మ ఒళ్ళో పెట్టి, కాశీ చూసిరా అప్పా అన్నాను. నేననకపోయినా ఆవిడ అడిగేదే, ఆ మాట నేను అనడం మర్యాద. తోడు అతనే వెళ్ళాలి. అక్కణ్ణుంచి ఆవిడని ఊళ్ళో దింపి వస్తాడనుకున్నాను. వస్తానని అతను చెప్పలేదు. చిన్న సంచీ చాలదా అనుకుంటుంటే పెద్ద ట్రంకు పెట్టె దించాడు. పంచెలు, చొక్కాలు, చలికాలపు కంబళి, గడ్డం గీసుకునే అద్దం, అన్నీ సర్దాడు. ఎండలో కాశీ వెళ్ళేవాడికి కంబళి ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. అడగడానికి నేనెవర్ని, పైడయ్య పెళ్ళాన్ని. ఆ ముక్క రాయించుకున్నది నేనే.

స్టేషను ప్లాట్‌ఫారం మీద రైలు కదిలేదాకా నిలబడ్డాను. టికెట్ కలెక్టరు పాసు చూసి పేరు అడిగితే ఆవిడ కిటికీలోంచి నన్ను చూస్తూ, గట్టిగా చెప్పింది.

వానలు పడ్డాయి. క్వార్టరు ఖాళీ చేసి ఒంటెద్దు బండి మీద సామాను ఇందాకి చేర్చాను. గంజి తూము తవ్వించాను. బెంచీలు వేశాను. ఇంత దూరమైనా పాత కుర్రాళ్ళు సగంమంది సైకిళ్ళేసుకుని భోజనానికి వచ్చారు. అంతా నేననుకున్నట్టే అయింది. కానీ బయట రిక్షా గంట మోగితే చాలు, గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చేదాన్ని. కాశీ వెళ్ళి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలుసు, నేను వెళ్ళొచ్చినదాన్నే కదా. ఆ నాళ్ళు దాటిపోయాయి. ఊరి నుంచి వచ్చిన వాళ్ళని అడగడానికి మొహం చెల్లలేదు. అతనికి అక్కడ తాళి కట్టిన పెళ్ళాం ఉంది, పొలం ఉంది, నలుగురూ మొగుడు అంటారు. ఇక్కడ ఒక్క అణా లేదు. మనిషన్నవాడు ఎటు ఉంటాడు? నా సొమ్ము కాపాడుకోవడానికి చెయ్యాల్సిందంతా చేశాను, తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

ఒకరోజు మధ్యాహ్నం జోరువానలో రిక్షా ఆగింది. నూకరాజు దిగాడు. చిక్కిపోయాడు. రిక్షావాడి సాయంతో ట్రంకు పెట్టె దించి అరుగు మీద పెట్టాడు. క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ చెప్పులు ఒకటక్కడ, ఒకటిక్కడ విసిరేసి లోపలికి దూసుకొచ్చేవాడు. ఇప్పుడు గడప బయటే నిలబడ్డాడు. చూరు నుంచి నీళ్ళు అతని నెత్తి మీద పడుతున్నాయి.

"పెట్టె ఎక్కడెట్టమంటావు?" అన్నాడు.

"ఈదివైపు గదికి తాళం ఏసినాను. ఆవిడ వాటా అది. తాళంసెవి ఆవిడ దగ్గరే ఉన్నాది. టేసన్లో ఇచ్చినాను."

"తెలుసు. మొలకి కట్టుకుని కాశీ అంతా తిరిగింది." కొంచెం ఆగి అన్నాడు, "అలగైతే నాకే గదీ నేదన్నమాట."

"నేదు" అన్నాను.

అతను వెనక్కి తిరిగి రిక్షా వైపు చూశాడు. రిక్షావాడు ఇంకా పోలేదు, వాన తగ్గేదాకా హుడ్డు కింద ముడుచుకుని కూర్చున్నాడు.

"అద్దెకిస్తావేటి?" అన్నాడు నూకరాజు.

నవ్వుతున్నాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను అరుగు మీదికి వెళ్ళి పెట్టె పిడి ఒకటి పట్టుకున్నాను.

"అద్దె సంగతి తరవాత సెప్తాను. ముందు అటు పట్టు, తడిసిపోతంది."

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నెల మొదట్లో అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అద్దెంతో చెప్పలేదే అని అడిగేవాడు. వచ్చే నెల చెప్తానని అనేదాన్ని. చనిపోయిన నెలలో కూడా అడిగాడు.